జేబుల పుస్తకం

ఆ లాండ్రీలో బట్టలిచ్చేవాళ్ళకు పేర్లుండవు, నంబర్లే. ముప్పై రెండు అంటే పెళ్ళినాటి సూటును ప్రతి ఇంటర్వ్యూకీ కొత్తగా ఉతికించుకునే మనిషి. అరవై అయిదు అంటే తెల్లకోటు మీద సిరా మరక పడకుండా ఒక్క వారం గడపలేని డాక్టరమ్మ. నూట పదిహేడు అంటే బూడిద రంగు కోటు, లోపల ఎర్ర అస్తరు, మాట తక్కువ, తొందర ఎక్కువ. గుర్తుల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయికి వాళ్ళ ముఖాలకన్నా కాలర్లే బాగా తెలుసు.

గుర్తులు పెట్టడం ఆమె పని. మూట విప్పగానే నంబరు రాసిన గుడ్డముక్కను కాలరు లోపల పిన్నుతో గుచ్చాలి. తర్వాత జేబులు వెతకాలి. పైజేబు, పక్కజేబులు, లోపలి జేబు, అస్తరు చిరిగితే దాని సందు కూడా. ఒక్క పెన్ను దొరక్కుండా మెషీన్లోకి పోయిందంటే ఇరవై మంది చొక్కాలు నీలం రంగుకి తిరుగుతాయి. దొరికిన ప్రతిదీ అదే నంబరున్న చిన్న గుడ్డసంచిలో వేసి, ఉతికిన బట్టకు గుచ్చి తిరిగి పంపాలి. ఏం దొరికిందో పుస్తకంలో ఒక వరుస రాయాలి. ఎవరైనా కౌంటరు దగ్గరికే వచ్చి తీసుకుంటే ఆ వరుస చివర తేదీ వేసి సంతకం చేయించుకోవాలి. దాన్ని అందరూ జేబుల పుస్తకం అంటారు.

ఆమె చదువు ఎనిమిదో తరగతి సగంలో ఆగింది. మిగతా సగం ఈ జేబుల దగ్గరే చదువుకుంది. పేరు తెలిసిన వస్తువుకు పేరు రాస్తుంది. తెలియనిదాన్ని చూసింది చూసినట్టు రాసి, చివర్లో "ఏమిటో తెలియదు" అని పెడుతుంది. "వంకర ఇనుపముక్క, రెండు పళ్ళున్నాయి, ఏమిటో తెలియదు." "తెల్లగా చిన్న ఎముకలాంటిది, ఏమిటో తెలియదు." ఎముకలాంటిది ముప్పై రెండు గారి అబ్బాయి ఊడిన పాలపన్ను అని తర్వాత తేలింది. లాండ్రీ యజమాని, అందరూ పెద్దాయన అనేవారు, ఆ పుస్తకం తిప్పినప్పుడల్లా ముఖం చిట్లించేవాడు. పేజీకి మూడుసార్లు తెలియదు తెలియదు అని ఉంటే చూసినవాళ్ళు మనకు పని రాదనుకుంటారని గొణిగేవాడు. తెలియనిది తెలుసని ఎలా రాయనండీ అని ఆమె అనేది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది, ఎందుకంటే జేబులు వెతకడంలో ఆమె చేతికి పోటీ లేదని ఆయనకూ తెలుసు.

దొరికినదాన్ని విప్పి చూడకూడదు, పారేయకూడదు, తిరిగి ఇవ్వాలి. ఈ మూడు మాటలూ ఆ బల్ల పైన గోడకు కొట్టిన చెక్కబోర్డు మీద రాసి ఉంటాయి. ఇదివరకు ఆ కుర్చీలో కూర్చున్నావిడ ఒకరి జేబులో ఉత్తరం చదివి, జాలిపడి, ఆయన భార్య చేతికిచ్చింది. మూడు రోజులు ఆ కాపురం మొత్తం కౌంటరు దగ్గరే జరిగింది. నాలుగో రోజు పెద్దాయన బోర్డు రాయించాడు.

బల్ల పక్కనే తాడు ఉయ్యాల. అందులో ఆమె పది నెలల కూతురు. కాన్పయ్యాక, ఉయ్యాల కట్టుకోనిస్తేనే మళ్ళీ పనికి వస్తానని ఆమె ముందే చెప్పింది. పిల్ల అందుకునే ఎత్తులో పిన్ను గానీ గుండీ గానీ ఉండకూడదని రోజుకు పదిసార్లు నేల తడుముతుంది. పిల్ల రెండుసార్లు తుమ్మితే ఆమెకు పని చేతికి రాదు. లాండ్రీ వ్యాను నడిపేది పిల్ల తండ్రే. పొద్దున మూటలు తెస్తాడు, సాయంత్రం ఉతికిన బట్టలు ఇళ్ళకు చేరుస్తాడు. వెళ్ళేటప్పుడల్లా ఉయ్యాల దగ్గర ఆగి పిల్ల కాలి మేజోడు ఒకటి లాగి దాచేస్తాడు. అదొక సరదా.

ఒక సోమవారం నూట పదిహేడు కోటు వచ్చింది. లోపలి జేబులో పొట్లం దొరికింది. పైన కాగితం, లోపల పల్చటి ప్లాస్టిక్కు, అందులో తెల్ల పొడి, గుప్పెడుకు కాస్త తక్కువ. కోటు వానకు తడిసి వచ్చింది కాబట్టి కాగితం నాని చీలికలైపోయి ఉంది. ఇంకెక్కడైనా అయితే ఎవరో ఒకరు ఇదేమిటని పైకెత్తి చూసేవారు. లాండ్రీలో పనిచేసేవాళ్ళు ముందు చూసేది తడి. తడి వస్తువును ఉతికిన కోటుకు గుచ్చితే మరక పడుతుంది. ఆమె ఆ నానిన కాగితం ఒలిచి, ప్లాస్టిక్కు మీద గుడ్డతో తుడిచి, గుడ్డసంచి బదులు లాండ్రీ కాగితపు కవరు తీసుకుంది. దాని మీద ఇస్త్రీపెట్టె బొమ్మ, లాండ్రీ పేరు అచ్చు వేసి ఉంటాయి. పొట్లం అందులో పెట్టి, అంచుకు జిగురు పూసి, పైన 117 అని రాసింది. పుస్తకంలో ఇంకో వరుస చేరింది: "117. తెల్ల పొడి పొట్లం. బట్టలకు పురుగు పట్టకుండా వేసేదేమో, వాసన లేదు, ఏమిటో తెలియదు. కాగితం తడిసింది, కొత్త కవరులో పెట్టాను." ఆ తర్వాత చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పిల్లకు పాలిచ్చింది.

ఆ వారం నూట పదిహేడు మూడుసార్లు ఫోను చేశాడు, కోటు ఎప్పుడొస్తుందని. కోటుల మీద అంత ప్రేమున్నవాళ్ళు అరుదనుకుంది ఆమె.

గురువారం సాయంత్రం వంతెన దగ్గర పోలీసులు వచ్చే బండిని, పోయే బండిని ఆపి వెతుకుతున్నారు. వ్యానులో వేలాడుతున్న బట్టలను ఒక్కొక్కటే తడిమారు. బూడిద కోటు లోపల గుచ్చిన కవరు దొరికింది. విప్పారు. అక్కడికక్కడే ఏదో నీళ్ళచుక్క వేసి చూశారు, చుక్క రంగు మారింది. అంతే, బట్టలన్నీ వంతెన పక్కనే నిలిచిపోయాయి, ఆమె భర్త మాత్రం పోలీసు జీపెక్కాడు.

ఫోను పెద్దాయనకు వచ్చింది. ఆయన విని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తర్వాత ఆమెను పిలిచి విషయం చెప్పాడు. ఆమె చేతులు అలవాటుగా పిన్నులు ఏరి డబ్బాలో వేశాయి. పిల్ల ఉంది కదా మరి. పెద్దాయన భయం వేరే రకం. తన ఇంట్లోనో కొట్లోనో అలాంటి సరుకు పెట్టడానికి తెలిసీ చోటిస్తే ఆ చోటు యజమానీ నేరస్థుడేనని ఆయన ఎక్కడో విన్నాడు. కవరు మీద ఉన్నది తన లాండ్రీ పేరు. పుస్తకంలో ఉన్నది తన మనిషి రాత. చివరికి చెప్పాడు.

"ఆ పుస్తకం మనకు లేదనుకో అమ్మాయ్. బాయిలరు వేడిగానే ఉంది."

ఆమె తల ఊపింది. తల ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరని ఆమెకు పెళ్ళైన మొదటి నెలలోనే తెలిసింది. పుస్తకం తీసి, పిల్ల గుడ్డలున్న సంచి అడుగున పెట్టి, పైన తడిగుడ్డలు కప్పి, ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున ప్రభుత్వం తరఫున ఆమె భర్తకు ఒక లాయరును పెట్టారు. ఆవిడ గది మూడో అంతస్తులో, కుర్చీల మీద కూడా ఫైళ్ళే. ఒక కుర్చీ ఖాళీ చేసి ఆమెను కూర్చోబెట్టింది, పిల్లకు ఆడుకోవడానికి ఒక రబ్బరిచ్చింది. లాయరమ్మ మాటలో సాగతీత లేదు. కేసు మూడు ముక్కల మీద నడుస్తుందంది. నిషేధించిన మత్తుమందును దగ్గర ఉంచుకోవడం ఒకటి. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం రెండు. ఇంకొకరి చేతికివ్వడం మూడు. ఇవ్వడమంటే అమ్మడమే కానక్కర్లేదు, ఊరికే ఇచ్చినా ఇచ్చినట్టే. పంచడానికి వీలుగా కవర్లో కట్టినా అదీ దాని కిందికే వస్తుంది. తూకం వేసేటప్పుడు అందులో అసలు మందెంత, కలిపిన పిండెంత అని వేరు చేయరు, మొత్తం తూకమే లెక్క. ఆ తూకం మీదే ఎన్నేళ్ళ జైలన్నది ఉంటుంది.

"ఎన్నేళ్ళు?" అని అడిగింది ఆమె.

"ఈ తూకానికి ఏడేళ్ళకు తగ్గదు. కానీ అంతకుముందు తేలాల్సింది ఇంకోటుంది. ఇటు చూడండి, మీ బుజ్జిది ఆ రబ్బరు నోట్లో పెట్టుకుంది. దాని చేతిలో ఉందా, ఉంది. లాగితే ఇస్తుందా, ఇవ్వదు, అంటే దాని అదుపులో ఉంది. మరి అదేమిటో దానికి తెలుసా?"

ఆమె రబ్బరు లాక్కుని, పిల్ల నోరు వేలితో వెతికి, అప్పుడు జవాబు చెప్పింది. "తెలియదు."

"మరి అది రబ్బరు కలిగి ఉన్నట్టు కాదు. చేతిలో ఉండాలి, అదుపులో ఉండాలి, ఏమిటో తెలిసి ఉండాలి. మూడూ ఉంటేనే చట్టం దృష్టిలో కలిగి ఉండటం. చిక్కేమిటంటే, బుజ్జిదానికి తెలియదంటే ఎవరైనా నమ్ముతారు. మీవారికి ముప్పై ఏళ్ళు. ఆయన బండిలో దొరికింది కాబట్టి ఆయనకు తెలుసనే చట్టం మొదలుపెడుతుంది. తెలియదని ఆయనే చూపించాలి. ఆయనేమో నోరు విప్పడం లేదు. కవరు మీద నంబరు ఎవరు రాశారంటే గోడకేసి చూస్తున్నాడు. ఆ మౌనమే ఆయన మెడకు చుట్టుకుంటోంది."

లాయరమ్మ ఫైల్లోంచి ఒక ఫొటో తీసి ముందు పెట్టింది. ఇస్త్రీపెట్టె బొమ్మ, దాని కింద 117. ఏడుకు నడుం దగ్గర అడ్డగీత. చిన్నప్పుడు టీచరమ్మ ఒకటికీ ఏడుకూ తేడా తెలియడం లేదని చెవి మెలేస్తే అప్పట్నుంచీ అలాగే రాస్తోంది.

అప్పుడర్థమైంది ఆమెకు, ఆయన గోడకేసి ఎందుకు చూస్తున్నాడో. ముందు కోపం వచ్చింది. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో అడగడానికి నాలుగుసార్లు పిలిచే మనిషి, ఇంత పెద్ద విషయంలో ఒక్క మాట అడగకుండా తానే తీర్పు చెప్పేసుకున్నాడు.

"అది నా..." అనబోయింది.

లాయరమ్మ చేయెత్తి ఆపింది. "ఇక్కడే ఆగండమ్మా. నేను మీవారి లాయరును, మీ లాయరును కాదు. మీరు చెప్పబోయేది ఆయనకు మంచిదీ మీకు చెడ్డదీ అయితే, నేను రెండు పడవల మీద నిలబడలేను. పక్క గదిలో ఇంకో లాయరు గారుంటారు. ముందు ఆయనతో మాట్లాడండి."

పక్కగది లాయరు మండే ఎండలో కూడా స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. మోచేతుల దగ్గర దారాలు లేచాయి. ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని ఆమె మధ్యలో ఆగితే, కానివ్వండి అన్నాడు. అంతా అయ్యాక వేళ్ళు మడుస్తూ చెప్పాడు. నోరు విప్పితే భర్త మీద ఉన్న మూడు ముక్కలూ ఆమె మీదికి రావచ్చు. పొట్లం ఆమె చేతిలో ఉంది. ఆమే కవర్లో కట్టింది. తిరిగి ఇవ్వడానికి ఆమే పంపింది. చెప్పకుండా ఊరుకునే హక్కు ఆమెకుంది, బలవంతం చేయడానికి ఎవరికీ వీల్లేదు. చెబితే మాత్రం ఆమెకున్న గొడుగు ఒక్కటే, తెలిసి చేయలేదన్నది. ఆ గొడుగుకు చిల్లు ఉండకూడదు.

"అందుకని అడుగుతున్నాను. కాస్త కూడా అనుమానం రాలేదా తల్లీ? కావాలని కళ్ళు మూసుకున్నా, తెలిసినట్టే లెక్క."

"వచ్చిందండీ. ఎలుకలమందేమోనని వచ్చింది. అందుకే రెండుసార్లు చేతులు కడుక్కుని పిల్లకు పాలిచ్చాను. మీరు చెప్పేదేదో అని తెలిస్తే ఉయ్యాల పక్కన దాన్ని తుడుచుకుంటూ కూర్చుంటానా?"

స్వెట్టరు లాయరు కళ్ళు తెరిచాడు. ఆమె సంచిలోంచి తడిగుడ్డలు తీసి, పుస్తకం బయటికి లాగింది. ఆయన ఆ వరుస చదివి, వెనక్కి తిప్పి ఇంకో పది పేజీలు చదివి, చిన్నగా నవ్వాడు. ఈ పుస్తకాన్ని ఎవరైనా పారేయమన్నారా అని అడిగాడు. అన్నారని చెప్పింది. పారేయలేదు కదా, అది చాలన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమెకు భర్తను చూడటానికి అయిదు నిమిషాలిచ్చారు. మధ్యలో జల్లెడలాంటి ఇనుపతెర. ఆయన గడ్డం మాసిపోయి ఉంది, చొక్కా నలిగి ఉంది. ఆ చొక్కా తనే ఇస్త్రీ చేసిందని ఆమెకు గుర్తొచ్చింది.

"నువ్విందులోకి రాకు," అన్నాడు.

"వచ్చేసే ఉన్నాను. ఆ ఏడు నాది."

"ఏడు ఎవరైనా రాస్తారు."

"అడ్డగీతతో ఎవరు రాస్తారండీ? చేతికర్ర పట్టుకున్న ముసలాడిలా ఉందని మీరే కదా వెక్కిరించారు."

ఆయన నవ్వబోయి మానేశాడు. పిల్లకు తల్లి కావాలి అన్నాడు. తండ్రి అక్కర్లేదని మీకెవరు చెప్పారు అంది. ఆయన తలొంచుకున్నాడు. నేనేం తప్పు చేశానని దాస్తున్నారు, దాస్తుంటే తప్పు చేసినట్టే ఉంది అంది. అంతలో టైమైపోయింది.

ఇంట్లో అత్తగారు గుడ్డలు మడతపెడుతోంది. అంతా విని, చేతిలోది మడత పూర్తిచేసి పక్కన పెట్టి అంది, వెళ్ళొద్దని. ఆమె ఎదురుచూసింది వేరే. కొడుకును విడిపించుకురమ్మని తరుముతుందనుకుంది.

"వాడు నా కడుపున పుట్టినవాడే. అయినా చెబుతున్నా. వాడు నాలుగు రోజులు లోపలుంటే అరిగిపోడు. నువ్వు కూడా పోతే ఈ పిల్లను నేను ఏ చంకనేసుకుని ఎవరి దగ్గర నిలబడాలే?"

ఆమె పిల్లను ఎత్తుకుని, వీపు నిమురుతూ గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. నిజానికి భయం ఆమెకూ లేకపోలేదు. ఏడేళ్ళంటే పిల్ల బడిలో చేరే వయసు దాటిపోతుంది. కానీ ఎటు తిప్పి చూసినా ఒక్క సంగతి మాత్రం కదలడం లేదు. తను చేసిన పని తనకు తెలుసు. దాన్ని చేసినట్టే రాసింది. రాసింది ఇంట్లోనే ఉంది.

"నాలుగు రోజులు కాదు అత్తయ్యా, ఏడేళ్ళు. అయినా నేను తప్పు ఒప్పుకోవడానికి పోవడం లేదు. పని చేశానని చెప్పడానికి పోతున్నా."

అత్తగారు చేతులు చాచి పిల్లను తీసుకుంది. "అయితే దీన్ని నా దగ్గరే వదిలిపెట్టి పో. చంకనేసుకుని పోతే జాలి కోసం తెచ్చావంటారు. నీకేం ఖర్మ జాలి అడుక్కోవడానికి."

ఇన్‌స్పెక్టరు గదిలో ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టి ఉంది. ఆమె అలవాటుగా ముందు ఆయన కాలరు చూసింది. లోపలివైపు పసుపుచార, వెనిగరులో నానబెడితే పోతుంది. అది చూడగానే ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది. పక్కన స్వెట్టరు లాయరు కూర్చున్నాడు. అడిగినదానికే జవాబు చెప్పండి, ఊహించి చెప్పకండి అని ముందే చెప్పి ఉంచాడు.

ఆమె మొదట్నుంచీ చెప్పింది. తడిసిన కాగితం, తుడిచిన గుడ్డ, కొత్త కవరు, అడ్డగీత ఉన్న ఏడు. భర్తకు కవర్లో ఏముందో తెలియదని, బట్టకు గుచ్చిన కవరు విప్పే పని డ్రైవరుది కాదని చెప్పింది. రైటరు పక్కన కూర్చుని రాసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం అందుకుని ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"బాగానే రాశావమ్మా. నిన్న కూర్చుని రాసినా ఇంతే బాగా వస్తుంది కదా?"

"కింద కూడా చదవండి సార్. అదే పేజీలో దాని తర్వాత ఎనిమిది వరుసలున్నాయి. మధ్యలో ఖాళీ లేదు. మంగళవారం డాక్టరమ్మ వచ్చి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది, అరవై అయిదో నంబరు. బుధవారం ముప్పై రెండు ఆయన వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. తేదీలు వాళ్ళే వేశారు. మీరు మావారిని పట్టుకుంది గురువారం. ఆ ఇద్దరినీ పిలిచి అడగండి, వాళ్ళు సంతకం పెట్టేటప్పుడు పైన ఈ వరుస ఉందో లేదో."

ఇన్‌స్పెక్టరు పేజీని దీపం దగ్గరికి ఎత్తి చూశాడు. తిప్పాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. ఆయన ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. ఏమిటో తెలియదని రాయడమేమిటి, తెలియనివాళ్ళెవరైనా ఆ మాట రాసి పెట్టుకుంటారా, రేపు పనికొస్తుందని ముందుజాగ్రత్తగా రాసుకున్నట్టుంది అన్నాడు. స్వెట్టరు లాయరు నోరు తెరవబోయాడు గానీ ఆమె అప్పటికే చేయి చాచి పేజీలు వెనక్కి తిప్పుతోంది. వంకర ఇనుపముక్క. ఎముకలాంటిది. "పచ్చగా గుండ్రంగా, నొక్కితే మెత్తన, ఏమిటో తెలియదు." "చిన్న బ్రష్షు, పళ్ళకూ కాదు బూట్లకూ కాదు, ఏమిటో తెలియదు." రాసుకుంటున్న రైటరు ఆగి, అది కనురెప్పలకండీ, మా ఆవిడ దగ్గరుంది అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆయనకేసి చూశాడు, రైటరు మళ్ళీ కాగితంలోకి తలదూర్చాడు.

"మూడేళ్ళుగా ఇలాగే రాస్తున్నా సార్. మా పెద్దాయన తిడుతూనే ఉన్నాడు. ఈ ఒక్క పొట్లం కోసం మూడేళ్ళ ముందు నుంచీ ముందుజాగ్రత్త పడ్డానంటారా?"

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పెద్దాయన, ఆమె స్టేషనుకు వెళ్ళిందని విని వచ్చాడు. చంకలో ఏదో పాతగుడ్డ చుట్టిన బల్లలాంటిది. ఎవరి ముఖమూ చూడకుండా దాన్ని టేబులు మీద పెట్టి గుడ్డ విప్పాడు. గోడ మీద బోర్డు. మేకుతో సహా ఊడదీసుకొచ్చాడు. విప్పి చూడకూడదు, పారేయకూడదు, తిరిగి ఇవ్వాలి. ఈ నియమం తనదని, అమ్మాయి తన మాట ప్రకారమే చేసిందని, ఎవరినైనా అడగాలంటే ముందు తనను అడగాలని గబగబా చెప్పేసి, అప్పుడు కూర్చోవచ్చా అని అడిగాడు. బాయిలరు సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

కోటు ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. నూట పదిహేడు ఇంటికి పోలీసులు వెళితే, ఆ కోటు తనది కాదని, ఆ లాండ్రీ గడప తొక్కలేదని చెప్పి పంపేశాడట. ఆమె పుస్తకాన్ని ఇంకా వెనక్కి తిప్పింది. మూడు నెలల కిందటి పేజీ. "117. బూడిద కోటు. కళ్ళజోడు పెట్టె." చివర్లో సంతకం, పొడుగ్గా, తోకతో. అద్దాలు లేకుండా దారి కనిపించక, ఆ రోజు తనే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు. స్వెట్టరు లాయరు ఏదైతే అడిగాడో అదే. అనుమానం రాలేదా అని. ఆమె అదే జవాబు చెప్పింది, ఎలుకలమందూ, సబ్బూ, పాలూ. రైటరు అదీ రాశాడు. చదివి వినిపిస్తే విని, రెండుచోట్ల దిద్దించి, సంతకం పెట్టింది. ఇంటికి పొమ్మన్నారు. గోడ పట్టుకుని మెట్లు దిగింది. కింద కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది.

తర్వాతి పది రోజులూ ఆమె ఫోను మోగితే పిల్ల ఉలిక్కిపడేది, పిల్ల ఉలిక్కిపడితే ఆమె ఉలిక్కిపడేది. డాక్టరమ్మ పోలీసుల దగ్గరికి తానే వెళ్ళి సంతకం తనదే అని చెప్పి, పైన పొడిపొట్లం వరుస చూసి తాను నవ్వుకున్న సంగతి కూడా చెప్పిందట. నూట పదిహేడు సంతకం సరిపోయింది. వాళ్ళింట్లో వెతికితే అలాంటి పొట్లాలే ఇంకో నాలుగు దొరికాయి, పుస్తకాల అల్మారాలో. పదకొండో రోజు లాయరమ్మ ఫోను చేసింది. కోర్టులో ప్రభుత్వమే కాగితం పెట్టిందట. డ్రైవరు చేతిలో వస్తువుంది గానీ, అదేమిటో తెలిసినట్టు ఆధారం లేదు, కాబట్టి అతని మీద కేసు వెనక్కి తీసుకుంటున్నారు. గుర్తులు పెట్టే ఆవిడ మీద కేసేమీ లేదు. ఆమె సాక్షి. పిలిచినప్పుడు వచ్చి ఇవే మాటలు జడ్జి ముందు చెప్పాలి. పుస్తకం మాత్రం కేసు అయ్యేదాకా కోర్టులోనే ఉంటుంది.

"పిలవండి, వస్తాను," అంది ఆమె.

పెద్దాయన కొత్త పుస్తకం కొన్నాడు. దానిలో వస్తువు, నంబరు, సంతకంతో పాటు ఇంకో గడి గీయించాడు, ఏమిటో తెలియనివి రాయడానికి. పొడిలాంటిదేదైనా వస్తే కట్టకముందు తనను పిలవాలని బోర్డు మీద నాలుగో మాట రాయించాడు. రంగు ఇంకా ఆరలేదు.

భర్త విడుదలైన రోజు ఆమె, అత్తగారు, పిల్ల ముగ్గురూ వెళ్ళారు. ఆయన సన్నబడ్డాడు. పిల్ల ముందు గుర్తుపట్టక తల్లి భుజంలో ముఖం దాచుకుంది, తర్వాత గడ్డం పట్టుకుని లాగింది. అత్తగారు కొడుకును కింది నుంచి పైదాకా చూసి, అరిగిపోలేదులే అంది.

పట్టుకున్న రోజు ఆయన దగ్గర తీసుకున్న వస్తువులు తిరిగివ్వాలి. కిటికీ వెనక కానిస్టేబులు ఒక కవరు, ఒక చీటీ ముందుకు నెట్టాడు. వచ్చినవి సరిచూసుకుని ఇంటివాళ్ళెవరైనా సంతకం పెట్టొచ్చన్నాడు. ఆయన చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆమె ఆపి, చీటీ తన వైపు తిప్పుకుంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. లైసెన్సు ఒకటి. తాళాలు రెండు. చేతిగడియారం ఒకటి. పెన్ను ఒకటి. నాలుగో వరుస కింద "చిన్న గుడ్డసంచి, ఖాళీది, ఒకటి" అని ఉంది.

ఆమె కవరు విప్పి చూసింది. అరచేతిలో పట్టేంత పసుపుపచ్చది, మడమ దగ్గర ఎర్రదారంతో అల్లిక. ఆ గురువారం ఉయ్యాల దగ్గర ఆయన లాక్కుపోయింది.

ఆమె చీటీని మళ్ళీ కిటికీలోంచి వెనక్కి నెట్టింది.

"ఇది సంచి కాదండీ, మా పిల్ల మేజోడు. కొట్టేసి సరిగ్గా రాయండి. అప్పుడు సంతకం పెడతాను."

కానిస్టేబులు ఆమెనూ చీటీనీ మార్చి మార్చి చూసి, పెన్ను తీసుకున్నాడు.